పంతొమ్మిది ఖాళీ గళ్ళు

అమెరికాలోని శాన్ రామన్‌లో మా అమ్మాయి వాళ్ళ ఇంటి పక్కన ఒక పార్కు ఉంది. సాయంత్రం అక్కడ నడిచేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. రిటైరై ఇక్కడికి వచ్చాక నాకు ఆ పార్కులో ఒక చిన్న పరివారం ఏర్పడింది. అందరూ నన్ను అంకుల్ అంటారు, అందరికీ నా మోకాళ్ళ సంగతి తెలుసు. వాళ్ళలో ఒక అమ్మాయి పోస్ట్‌డాక్ చేస్తోంది. మొన్న నడుస్తూ నడుస్తూ అడిగింది.

"అంకుల్, మీరు థర్టీ వన్ ఇయర్స్ ఒకే యూనివర్సిటీలో ఎందుకు ఉండిపోయారు? ట్రై చేస్తే పెద్ద స్కూల్‌కి మూవ్ అయ్యేవారు కదా. నాకూ అలాంటి చోటు నుంచే ఆఫర్ వచ్చింది. తీసుకోవాలో వద్దో తెలియట్లేదు."

"అక్కడ పార్కింగ్ ఫ్రీ అమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నా జవాబు నాకే నచ్చలేదు. మంచి ప్రశ్న అడిగిన పిల్లకి వేళాకోళంతో సరిపెట్టడం ఉపాధ్యాయుడు చేసే పని కాదు. అందుకని ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసమూ, మీలో రేపో మాపో ఎవరికో గైడ్లు కాబోయే వాళ్ళ కోసమూ. నేను సాధించినదేదో చెబుతానని ఆశపడకండి. ఇది నేను చేసిన ఒక తప్పు కథ.

నేను పనిచేసింది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని ఒక నల్లజాతి యూనివర్సిటీలో. మిగతా కాలేజీలు నల్లవాళ్ళని గడప తొక్కనివ్వని కాలంలో వాళ్ళ కోసమే పుట్టిన చోటు అది. ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నాలాంటివాడు పాఠాలూ చెప్పవచ్చు. నా సబ్జెక్టు మట్టి. మనిషి మట్టిలో కలిసిపోయేలోపు దాన్ని కాస్త అర్థం చేసుకుంటే మంచిదని క్లాసు మొదటి రోజున అనేవాణ్ణి. పిల్లలు మర్యాదకి నవ్వేవారు.

మా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళు మీరు ఊహించుకునే పాతికేళ్ళ వాళ్ళు కాదు. బడిలో టీచర్లు, నర్సులు, ఇంటికి ఆధారమైన తల్లులు. పగలు ఉద్యోగం చేసుకుని, ఆదివారం చర్చిలో పాడి, మిగిలిన వేళల్లో డాక్టరేటు చేసేవాళ్ళు. లాబ్‌లో సామాను పాతది. మట్టి ఎండబెట్టే ఓవెన్ తలుపు మూసుకోకపోతే దానికి కుర్చీ అడ్డం పెట్టేవాళ్ళం. ఆ కుర్చీకి కూడా మా ఇన్వెంటరీలో నంబరు ఉండేది.

ఆ డిపార్ట్‌మెంట్‌ని నడిపింది హెడ్‌లు కాదు, మా సెక్రటరీ. అరవై దాటిన మనిషి, అయిదుగురు హెడ్‌లని చూసింది. తన బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి, చేరిన ప్రతి పీహెచ్‌డీ విద్యార్థి పేరూ అందులో రాసేది. డిగ్రీ వచ్చినవాళ్ళ పేరు పక్కన చిన్న నక్షత్రం గీసేది. రానివాళ్ళ పేరు కొట్టేసేది కాదు. పదేళ్ళుగా కనిపించనివాళ్ళవి కూడా ఎందుకు ఉంచావని ఒకసారి అడిగాను.

"ఇక్కడ ఎవరూ మానేయరు డాక్" అంది. మా దగ్గర ప్రొఫెసర్లని అందరూ అలాగే పిలుస్తారు. "కాసేపు కూర్చుంటారు, అంతే."

వాళ్ళంతా మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషులో బతికినా నాకు జ్ఞాపకాలు తెలుగులోనే వస్తాయి కాబట్టి ఇలాగే రాస్తాను.

ఇక ఈ కథలో అసలు మనిషి, నా విద్యార్థిని ఆవిడ. నా దగ్గర చేరేనాటికి యాభై దాటింది. డెబ్బై మైళ్ళ అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో బయాలజీ టీచరు. వారమంతా పాఠాలు చెప్పి, శనివారం పొద్దున్నే కారులో బయల్దేరి ఎనిమిదింటికల్లా లాబ్‌లో ఉండేది. వెనక సీట్లో మట్టి సంచులు, ముందు సీట్లో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. ఓవెన్‌లో మట్టి ఎండేలోపు పేపర్లు దిద్దేది. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, నేను ఆవిడ చాప్టర్ల మీద, ఆవిడ పిల్లల పేపర్ల మీద ఎర్ర ఇంకు పోసేవాళ్ళం. నా ఎర్ర ఇంకు అంటే డిపార్ట్‌మెంట్‌లో అందరికీ హడలు. ఆవిడ మాత్రం చదివి, తలూపి, తనకు నచ్చినంత మేరకే మార్చేది.

ఆవిడ పరిశోధన సొంత పొలం మీదే. తాత కొన్న పొలం, తరాల తరబడి పత్తి వేసి నేలలో జీవం పోయింది. చలికాలంలో నేలని ఖాళీగా వదలకుండా ఏవైనా పైర్లతో కప్పి ఉంచితే, పడ్డ వాన మట్టిలో ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నది ప్రశ్న. దానికి ఆ పొలంలో ఏ రోజు ఎంత వాన పడిందో కచ్చితంగా తెలియాలి. వాతావరణ కేంద్రం ఉన్నది ముప్ఫై మైళ్ళ దూరంలో, ఎయిర్‌పోర్టులో. ఆ ప్రాంతంలో వేసవి వాన రోడ్డుకి ఈ పక్క పడితే ఆ పక్క పడదు.

"మా అమ్మ రాస్తుంది డాక్" అంది ఆవిడ. "నేను పుట్టకముందు నుంచీ రాస్తోంది. గోడ క్యాలెండర్ మీద."

ప్రపోజల్‌లో ఆ వాక్యం పక్కన నేను ఎర్ర ఇంకుతో 'ఇది డేటా కాదు' అని రాశాను. ఆవిడ తరువాతి శనివారం నన్ను కారెక్కించుకుని వాళ్ళ ఊరు తీసుకువెళ్ళింది.

పెద్దావిడకి అప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. సన్నగా, నిటారుగా ఉండేది. కంచె గుంజకి బిగించిన రెయిన్ గేజ్ చూపించింది. అంగుళాల గీతలున్న గాజు గొట్టం, అంతే. రోజూ పొద్దున ఏడింటికి చూసి, వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో అంకె వేసేది. అది ఆ ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు ఏటా పంచే క్యాలెండర్. మన దగ్గర బట్టల కొట్ల వాళ్ళు పంచరూ, అలాగ. పాతవన్నీ అల్మారాలో ఏళ్ళ వరసన పేర్చి ఉన్నాయి. వాన లేని రోజున కూడా సున్నా వేసి ఉంది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

నేను ఊరుకోలేదు. ఆ వేసవి ఆమె గొట్టం పక్కన మా లాబ్‌వి రెండు కొత్తవి పెట్టించి పోల్చి చూశాను. నాలుగు నెలల తరువాత చూస్తే మూడూ ఒకే మాట చెప్పాయి. లెక్కలు చూపించడానికి వెళితే పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని అంది.

"అయితే మీ కొత్త గొట్టాలు బాగానే పనిచేస్తున్నాయన్నమాట, ప్రొఫెసర్."

ఆ రోజు అక్కడే భోజనం. నేను మాంసం ముట్టనని కూతురు ముందే చెప్పినట్టుంది. ఆకుకూర వాళ్ళు ఎప్పుడూ పంది మాంసం ముక్క వేసి వండుతారు. నా కోసం పెద్దావిడ విడిగా, వేరే గిన్నెలో, ఉల్లిపాయతో వండింది. బెండకాయ వేపుడు, అలసందలు. గుంటూరు నుంచి ఇంత దూరం వచ్చి అలసందలు తింటున్నానేమిటని నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. చేతులు కడుక్కునేటప్పుడు ఆమె తువ్వాలు అందిస్తూ అంది.

"మా పిల్లని ఒడ్డుకి చేరుస్తారా ప్రొఫెసర్?"

నేను తలూపాను.

"తలూపితే నాకు వినపడదు" అంది.

"చేరుస్తానమ్మా" అన్నాను. ఆ 'అమ్మా' తెలుగులోనే అన్నాను. ఆమెకి అర్థమైంది.

ఆ తరువాత ఏళ్ళు గడిచాయి. ఆవిడ బడిలో ఇద్దరు టీచర్ల పని ఒక్కతే చేయాల్సి వచ్చింది, మా లాబ్‌లో కార్బన్ కొలిచే యంత్రం ఏడాదిన్నర మూలన పడింది, మరో యూనివర్సిటీలో వాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి శాంపిల్స్ చేసుకుని వచ్చేది. ప్రతి అడ్డంకికీ ఆవిడ ఒకటే మాట అనేది, "సరే, ఇప్పుడేం చేద్దాం?" ఏడో ఏడు వచ్చేసరికి నాలుగు చాప్టర్లలో మూడు పూర్తయ్యాయి. ఎనిమిదేళ్ళు దాటితే డిగ్రీ ఉండదని రూలు. ఇబ్బంది లేదు, ఏడాది చేతిలో ఉందనుకున్నాం.

ఆ ఏప్రిల్‌లో మా అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం. మగపెళ్ళివారు దూరాన, ఉత్తరాది షామ్‌బర్గ్‌లో ఉంటారు, పెళ్ళి అక్కడే బాంక్వెట్ హాల్లో. మా ఊళ్ళో తెలుగువాళ్ళు తక్కువ. అయినా మా ఆవిడ పట్టుపట్టి అట్లాంటా నుంచి నాలుగు కార్లలో చుట్టాలనీ స్నేహితులనీ పిలిపించి, మా గరాజ్‌లో రోలు పెట్టి పసుపు దంచింది. అది బుధవారం. శుక్రవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి సెక్రటరీ నా తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నిన్న ఆవిడ తల్లి పోయింది డాక్. వచ్చే శనివారం హోమ్‌గోయింగ్."

వాళ్ళు అంత్యక్రియల్ని అలా అంటారు, ఇంటికి వెళ్ళడం అని.

"డిపార్ట్‌మెంట్ వ్యాన్ బుక్ చేశాను. మీరు ముందు సీట్లో. చర్చిలో మీరు కుటుంబం వెనక వరసలో కూర్చోవాలి, గైడ్ కదా."

చనిపోయిన మనిషి కళ్ళముందు మెదిలింది, తువ్వాలు పట్టుకుని. ఆ వెంటనే పసుపు దంచిన రోలు మెదిలింది. పెళ్ళిపనులు మొదలుపెట్టాక చావు ఇంటికి వెళ్ళకూడదు. నేను మట్టిని సూక్ష్మదర్శినిలో చూసి బతికినవాణ్ణి, ఇలాంటివి నమ్మనని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ క్షణాన, మా అమ్మాయికి ఏమైనా అయితే అన్న భయం పట్టుకుంది. నమ్మకం లేనివాడికి కూడా కూతురు పెళ్ళి ముందు భయం ఉంటుందని అప్పుడే తెలిసింది.

"ఇంట్లో కొంచెం పనులున్నాయి, నాకు వీలుపడదు" అన్నాను.

సెక్రటరీ నన్ను అలా చూస్తూ నిలబడింది. "పనులా" అంది. తన గదికి వెళ్ళిపోయింది.

నేను ఆవిడకి ఒక ఈమెయిల్ పంపాను. సానుభూతి మాటలు నాలుగు రాసి, చివర 'నాలుగో చాప్టర్ గురించి తొందరపడకండి' అని ఒక వాక్యం చేర్చాను. ఊరటగా ఉంటుందనుకున్నాను. ఇప్పటికీ ఆ వాక్యం గుర్తొస్తే ఒళ్ళు కుంచించుకుపోతుంది.

పెళ్ళి బాగా జరిగింది. తిరిగి వచ్చాక శనివారాలు వచ్చి పోయాయి, ఆవిడ రాలేదు. జూన్ పోయింది, ఆగస్టు వచ్చింది. కొత్త టర్మ్‌కి రిజిస్టర్ చేసుకోలేదు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని పని గురించి కదపకూడదనుకున్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పోతే ఏడాది దాకా కొత్త పని ఏదీ తలపెట్టరు కదా, ఏడాది తిరిగాక తనే వస్తుందిలే అని నాకు నేనే లెక్క కట్టుకున్నాను. ఆవిడకి ఆ లెక్క ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నా మర్యాద నా ఒక్కడికే అర్థమయ్యే మర్యాద.

ఫిబ్రవరిలో సెక్రటరీ నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. గ్రాడ్యుయేట్ ఆఫీసు నుంచి వచ్చింది. రెండు టర్మ్‌లు రిజిస్టర్ కాలేదు, గడువు కూడా దగ్గరపడింది, నెలాఖరులోగా గైడ్ కారణం రాసి పొడిగింపు అడగకపోతే పేరు తీసేస్తామని దాని సారాంశం.

"ఆవిడ దుఃఖంలో ఉంది కదా అని..." నేను మొదలుపెట్టాను.

"డాక్, కూర్చోండి" అంది సెక్రటరీ. నేను కూర్చునే ఉన్నాను. తను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ రోజు చర్చిలో పాస్టర్ అడిగాడు, యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళు లేచి నిలబడండి అని. మేం ఏడుగురం లేచాం. ఆవిడ వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. మొత్తం చూశాక మళ్ళీ మొదటి నుంచి చూసింది. రెండోసారి ఎవరి కోసం వెతికిందో నాకు తెలుసు."

నేను ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"మీరు రావాలని ఆవిడ ఎదురుచూస్తోంది. ఆవిడ రావాలని మీరు ఎదురుచూస్తున్నారు. ఇద్దరికీ కార్లున్నాయి" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడకి మొత్తం చెప్పాను. పసుపు దంచిన ఇల్లు కాబట్టి ఆగిపోయానని, తన మాట కాదనలేకే అన్నట్టు కూడా కొంచెం ధ్వనింపజేశాను. మా ఆవిడ కత్తిపీట మీద కూర తరగడం ఆపింది. అవును, అమెరికాలో కూడా కత్తిపీటే.

"నేను వద్దన్నానా?"

"అనలేదు గానీ..."

"మీరు నన్ను అడిగారా అసలు? ఎవరు పోయారని చెప్పారు నాతో? 'ఆఫీసులో ఎవరో పోయార్లే' అన్నారు. మీకు వేరే గిన్నెలో కూర వండిపెట్టిన ఆవిడని చెప్పారా? చెప్పి ఉంటే, వెళ్ళిరండి, వచ్చి గరాజ్ దగ్గరే తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి రండి అనేదాన్ని. అంతే కదండీ."

అంతే. పది నెలలుగా నేను ఏ ఆచారం చాటున దాక్కున్నానో, ఆ ఆచారానికి ఒక బకెట్ నీళ్ళతో పరిష్కారం ఉంది. నేను అడగలేదు. అడిగితే వెళ్ళమంటుందేమోనని అడగలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

శనివారం తెల్లవారకముందే బయల్దేరాను. మా ఆవిడ ఒక డబ్బాలో అలసంద వడలు పెట్టి ఇచ్చింది. ముసురు పట్టి ఉంది. డెబ్బై మైళ్ళు. ఆరేడేళ్ళ పాటు ఆవిడ ప్రతి శనివారం వచ్చిన దారిలో నేను ఎదురు వెళుతున్నాను. ఆవిడ కూడా ఇలా చీకటి విడకముందే బయల్దేరేదని ఆ దారిలో సగం దూరం వెళ్ళాక తట్టింది.

తలుపు తీసి, నన్ను చూసి "డాక్" అంది. పక్కకి జరిగి దారి ఇచ్చింది. వంటింట్లో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద రెండు క్యాలెండర్లు ఒకే మేకుకి ఉన్నాయి. పైది ఈ ఏడాదిది. దాన్ని పక్కకి తప్పించి చూస్తే కింద నిరుటిది, ఏప్రిల్ పేజీ తెరిచి ఉంది. మొదటి గళ్ళలో పెద్దావిడ పెన్సిల్ అంకెలు. ఆ తరువాత ఏమీ లేదు. నేను లెక్కపెట్టాను. పంతొమ్మిది గళ్ళు. వాటి తరువాతి గడి నుంచి నీలం పెన్నుతో అంకెలు మళ్ళీ మొదలయ్యాయి, కూతురి చేతిరాత. నేను పేజీలు తిప్పాను. మే, జూన్, మొత్తం ఏడాది. ఈ ఏడాది క్యాలెండర్‌లో కూడా నిన్నటి దాకా.

ఆవిడ మానేయలేదు. మేమంతా మానేసిందనుకున్న పది నెలలూ, బడికి వెళ్ళే ముందు ఏడింటికి ఆ కంచె దగ్గర నిలబడి డేటా తీస్తూనే ఉంది.

"నేను రావాల్సింది" అన్నాను. "రాలేదు. మా ఇంట్లో పెళ్ళిపనులు మొదలైతే చావు ఇంటికి వెళ్ళకూడదంటారు. మా అమ్మాయికి ఏమైనా అవుతుందని భయపడ్డాను. భయపడ్డానని మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. క్షమించండి."

ఆవిడ బల్ల మీది గుడ్డ అంచు సరిచేసింది.

"ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది డాక్? మా అమ్మ బతికి ఉంటే తనే మిమ్మల్ని చర్చి మెట్ల మీద నుంచి వెనక్కి పంపేసేది, పెళ్ళికూతురి తండ్రికి ఇక్కడేం పని అని. మాకు మాత్రం ఇలాంటివి లేవనుకున్నారా?" గుడ్డ వదిలేసి నా వైపు తిరిగింది. "మీరు రాకపోవడం కాదు. మీరు నాకు నాలుగో చాప్టర్ గురించి రాశారు. మా అమ్మని ఇంకా పూడ్చలేదు. ఈయనకి నేనంటే ఒక చాప్టర్ అనుకున్నాను."

నేను ఏడ్చాను. విద్యార్థి ముందు ఏడవడం అదే మొదలు, అదే చివర. ఆవిడ అదే తువ్వాలో, అలాంటి ఇంకొకటో తెచ్చి ఇచ్చింది. గడియారం చూసింది.

"ఏడు దాటి చాలాసేపైంది. మీరొస్తున్న కారు చప్పుడు విని ఆగిపోయాను. వెళ్ళి గొట్టం చూసి రండి."

వానలో కంచె దాకా వెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, అక్కడే ఉండిపోయిన మా లాబ్ గొట్టం చూసి వచ్చాను. పదకొండు మిల్లీమీటర్లని చెప్పాను.

"అంగుళాల్లో చెప్పండి డాక్. మా అమ్మ క్యాలెండర్‌కి మిల్లీమీటర్లు రావు."

మళ్ళీ వెళ్ళి పెద్దావిడ గొట్టం చూసి వచ్చాను. అర అంగుళానికి కాస్త తక్కువ. ఆవిడ రాసింది. ఆ తరువాత ఇద్దరం వడలు తిన్నాం. తను రెండోది తీసుకుంటూ, ఇందులో ఉన్నవి అలసందలే కదా అని అడిగింది.

సోమవారం పొడిగింపు ఫారం నింపాను. ఆలస్యానికి కారణం అన్న చోట మామూలుగా అనారోగ్యమనో, కుటుంబ పరిస్థితులనో రాస్తారు. 'విద్యార్థి పని ఆపలేదు. గైడ్ బాధ్యత తప్పాడు' అని రాశాను. గ్రాడ్యుయేట్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఇలాంటి కారణం ఎవరూ రాయలేదు, నిజంగానే పంపమంటారా అని. పంపమన్నాను. ఒక్క ఏడాది ఇచ్చారు, ఆ తరువాత ఒక్క రోజు కూడా ఇవ్వబోమన్నారు.

ఆవిడ ఆ ఏడాది రాసింది. నేను ఎర్ర ఇంకుతో దిద్దాను, బుద్ధి మారినా అలవాటు మారదు కదా. వాన పట్టికలో ఆ పంతొమ్మిది రోజులు ఖాళీగా ఉంటే, పక్కన 'ఎయిర్‌పోర్టు లెక్కలతో పూరించండి' అని రాశాను. మా రంగంలో అది అందరూ చేసే పనే. డ్రాఫ్ట్ తిరిగి వచ్చింది. పట్టిక అలాగే ఉంది.

థీసిస్ డిఫెన్స్, అంటే మన వైవా, జరిగిన రోజుకి గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. గదిలో కమిటీ, వీడియోలో బయటి యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్. కారిడార్‌లో టోపీలు పెట్టుకున్న చర్చి ఆడవాళ్ళు పదిహేను మంది, వాళ్ళ మధ్య మా సెక్రటరీ. లోపల ఆవిడ తన పరిశోధన గురించి గంటసేపు హాయిగా మాట్లాడింది. అప్పుడు వీడియోలో ఆయన పట్టిక దగ్గర ఆగాడు.

"ఈ ఖాళీలు పూరించి, విశ్లేషణ మళ్ళీ చేయాలి. ఇలా ఒప్పుకోవడం కష్టం."

మళ్ళీ చేయాలంటే నెల పడుతుంది. మాకున్నది తొమ్మిది రోజులు. ఆ సంగతి గదిలో అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

"డాక్ కూడా అదే చెప్పారు సార్, ఆయన మాట కూడా వినలేదు" అంది ఆవిడ. "ఆ రోజుల్లో వాన పడింది. మా అమ్మని పూడ్చిన రోజు కూడా పడింది, నా బట్టలు తడిశాయి. కానీ ఎవరూ కొలవలేదు. ఈ పట్టికలో ప్రతి అంకె వెనకా ఆ కంచె దగ్గర ఒక మనిషి నిలబడి ఉంది. నిలబడని రోజుకి అంకె వేయలేను. దానికి డిగ్రీ పోతే పోనివ్వండి."

ఆయన "చెయిర్ గారు చెప్పాలి" అన్నాడు.

గైడే కమిటీకి చెయిర్ కాబట్టి అందరూ నా వైపు చూశారు. ఆ పంతొమ్మిది రోజుల్లో నేను ఎక్కడున్నానో ఆ గదిలో ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. ఆ గళ్ళలో ఏదో ఒక అంకె వేసి కప్పేయమని ఎర్ర ఇంకుతో రాసింది కూడా నేనే.

"నేను రాసింది తప్పు" అన్నాను. "ఖాళీ ఖాళీగానే ఉండాలి. ఆ రోజుల్ని విశ్లేషణ నుంచి తీసి చూశాను, మొత్తం ఫలితం ఏమీ మారలేదు. లెక్కలు ఇవిగో."

అవును, ముందు రోజు కూర్చుని ఆ లెక్కలు చేశాను. ఆవిడ మారదని నాకు అప్పటికే తెలుసు. ఆయన వాటిని నిదానంగా చూశాడు. ఎందుకు ఖాళీయో పట్టిక కింద ఒక వాక్యం రాస్తే తనకి అభ్యంతరం లేదన్నాడు. సంతకాలు అయ్యాయి. తలుపు తెరిచి నేనే "డాక్టర్, రండి" అని పిలిచాను. కారిడార్‌లో ఆ ఆడవాళ్ళు పాట అందుకున్నారు. సెక్రటరీ మాత్రం పాడకుండా గబగబా తన గది వైపు వెళ్ళింది. బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

పార్కులో అడిగిన అమ్మాయికి నా జవాబు ఇదే. వెళ్ళమ్మా. అక్కడ నువ్వు నేర్పేవాళ్ళకన్నా నీకు నేర్పేవాళ్ళు ఎక్కువ. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఎవరింట్లోనైనా కష్టం వస్తే వెళ్ళు. వెళ్ళలేకపోతే ఎందుకు వెళ్ళలేకపోయావో ఆ రోజే చెప్పు.

ఆ థీసిస్ ప్రతి ఒకటి ఇక్కడ నా అల్మారాలో ఉంది. చివర వాన పట్టిక. తేదీ, వాన, కొలిచినవారు, మూడు నిలువు వరసలు. కొలిచినవారి వరసలో పేజీల తరబడి పెద్దావిడ పొడి అక్షరాలే. ఆ తరువాత పంతొమ్మిది ఖాళీలు, కింద 'కొలిచే మనిషి చనిపోయారు, కొలత తీసుకోలేదు' అన్న ఒక్క వాక్యం. అక్కడి నుంచి కూతురి పొడి అక్షరాలు. ఫిబ్రవరిలో ఒక శనివారం దగ్గర మాత్రం అవి ఆగుతాయి. ఆ ఒక్క రోజుకి ఎదురుగా ఉన్నవి నావి. ఆవిడ నన్ను అడగకుండానే వేసింది, ఆ రోజు కంచె దగ్గర నిలబడింది నేనే కాబట్టి.